దవడ పన్ను పీకించుకునే ముందు ఏం చూడాలి

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న పెద్దవాళ్ళకి వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరగా పెట్టుకుంటా.

ఇవాళ దవడ పళ్ళ గురించే మాట్లాడతానండి, అందులోనూ బాగా పాడైపోయినవి. సగం విరిగిపోయి, మధ్యలో పెద్ద గుంట పడి, తిన్న ప్రతిసారీ అందులో మెతుకులు ఇరుక్కుని, అగ్గిపుల్లతోనో పిన్నీసుతోనో తీసుకుంటూ ఏళ్ళు గడిపేసిన పళ్ళు. గుంటూరు, తెనాలి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది కుర్చీలో ఆనుకోకముందే "డాక్టరుగారూ ఇది ఇంక పనికిరాదు, పీకేసి పడెయ్యండి" అంటారు. ఆ నిర్ణయం ఇంట్లోనే అయిపోయి ఉంటుంది. నేను చెప్పదల్చుకున్నది ఏంటంటే, ఆ పన్ను ఉంచాలా తియ్యాలా అన్నది నొప్పిని బట్టి తేలదు, గుంట ఎంత నల్లగా ఉందో చూసినా తేలదు. పుచ్చంతా తీసేశాక చిగురుకి పైన గట్టి పన్ను ఎంత మిగిలింది, వేరు చీలిందా, చుట్టూ ఎముక పట్టు ఉందా, అవి చూశాకే తేలుతుంది. అది చూడకుండా పీకించేసుకున్న పళ్ళు మన చుట్టుపక్కల చాలానే ఉన్నాయి, నాకు బాధ అనిపించేది అక్కడే.

ముందు ఒక మాట చిన్నపిల్లల తల్లుల కోసం. మొదటి దవడ పన్ను ఆరేళ్ళకి వస్తుంది. పాల పళ్ళు ఏవీ ఊడకుండానే, వాటి వెనకాల చిగుర్లోంచి మెల్లగా వచ్చేస్తుంది, అందుకే చాలామంది అది కూడా పాల పన్నే అనుకుంటారు. పుచ్చితే పుచ్చింది, ఎలాగూ ఊడిపోయేదే కదా అని వదిలేస్తారు. అది ఊడదండీ, ఊడితే ఇంకోటి రాదు. అరవై డెబ్భై ఏళ్ళు నమలాల్సిన పన్ను అది, నోట్లో ఎక్కువ బరువు మోసేది కూడా అదే. పైగా ఏడెనిమిదేళ్ళ వయసులో దాని వేరు ఇంకా పూర్తిగా తయారవ్వదు, వేరు కొస మూసుకోవడానికి తొమ్మిది పదేళ్ళు వస్తాయి. అందుకే ఆ వయసులో లోతుగా పుచ్చితే మొత్తం నరం తీసెయ్యకుండా, పైన చెడిన భాగం వరకు తీసి, మిగిలినదాని మీద మందు పెట్టి బతికించే ప్రయత్నం చేస్తాం. లోపల నరం బతికుంటే వేరు తనంతట తానే పెరిగి పూర్తవుతుంది. ఈ పనికి వాడే ఎమ్‌టీఏ అనే సిమెంటు 1990ల మొదట్లో కాలిఫోర్నియాలోని లోమా లిండా యూనివర్సిటీలో డాక్టర్ మహమూద్ తొరాబినెజాద్ బృందం తయారు చేసింది, ఇప్పుడు దాని తర్వాతి తరం మందులు కూడా మన దగ్గర దొరుకుతున్నాయి. ఈ పద్ధతి పిల్లలకే కాదు, కొన్ని కేసుల్లో పెద్దవాళ్ళకి కూడా చేస్తున్నాం, రూట్ కెనాల్ దాకా, అంటే వేర్లలోని నరమంతా తీసి శుభ్రం చేసి మూసేసేదాకా వెళ్ళకుండానే ఆగిపోతున్నారు.

సరే, పెద్దవాళ్ళ దగ్గరికి వద్దాం. పన్ను లోపల మీరు నరం అంటారే, అది ఒక్క నరమే కాదు, రక్తనాళాలు, మెత్తటి కండ అన్నీ కలిసి ఉంటాయి. చల్లనీళ్ళు తాగితే జివ్వుమని రెండు సెకన్లలో పోతే అది ఇంకా కోలుకునే స్థితి. వేడి టీ తాగాక పావుగంట సలుపుతూ ఉంటే, రాత్రి పడుకోగానే లేపేస్తుంటే, అది కోలుకోదు. ఆ తర్వాత ఒకరోజు నొప్పి ఉన్నట్టుండి ఆగిపోతుంది. తగ్గిపోయిందని సంతోషపడతారు, నిజానికి లోపల నరం చచ్చిపోయింది కాబట్టి ఆగింది. ఇక్కడి నుంచి క్రిములు వేరు కొస దాటి ఎముకలోకి వెళ్తాయి, చీము పడుతుంది, చిగురు మీద చిన్న పొక్కులా వచ్చి కారుతుంటుంది. చూశారా, నొప్పి బాగా ఉన్న పన్ను చాలాసార్లు తేలిగ్గా బాగవుతుంది, నొప్పే లేని పన్ను లోపల ఎక్కువ పాడై ఉండొచ్చు. అందుకే నొప్పిని కొలతగా పెట్టుకోవద్దంటున్నా.

ఇక్కడే మందుల షాపు సంగతి. పన్ను నొప్పి అనగానే అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ కొనుక్కొచ్చి మింగేస్తారు. నరం వాపుతో వచ్చే నొప్పికి యాంటీబయాటిక్ పనిచెయ్యదండీ, ఆ నొప్పి తగ్గేది లోపల శుభ్రం చేస్తేనే. జ్వరం ఉండి వాపు పాకుతున్నప్పుడు యాంటీబయాటిక్ అవసరం పడుతుంది, అదీ డాక్టరు చూసి ఇస్తే. కింది దవడ పన్నుకి చీము పట్టి గడ్డం కింద రెండు వైపులా గట్టిగా వాచి, మింగడం కష్టమై, నాలుక పైకి లేచినట్టు ఉంటే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, అదే రాత్రి పెద్దాసుపత్రికి వెళ్ళండి, ఊపిరి ఆగే ప్రమాదం అది.

పీకేస్తే గొడవ వదిలిపోతుంది కదా అంటారు. వదలదు. పన్ను తీసిన చోట ఎముక కరగడం వెంటనే మొదలవుతుంది, మొదటి ఏడాదిలోనే వెడల్పు దాదాపు సగం తగ్గిపోతుందని, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతుందని కొలిచి చూసిన పరిశోధనలు ఉన్నాయి. వెనక పన్ను ఖాళీలోకి వాలుతుంది, ఎదుటి దవడ పన్నుకి తగిలేది ఏదీ లేక అది మెల్లగా కిందికి దిగుతుంది. రెండేళ్ళ తర్వాత పన్ను పెట్టించుకుందాం అని వస్తే పెట్టడానికి చోటే ఉండదు. ఇంప్లాంట్, అంటే ఎముకలో మర బిగించి దాని మీద పెట్టే పన్ను, మంచి వైద్యమే, నేను దానికి వ్యతిరేకం కాదు, పన్ను పోయినవాళ్ళకి అది పెద్ద వరం. కానీ సొంత పన్ను వేరు చుట్టూ పలచటి పొర ఒకటి ఉంటుంది, అన్నంలో చిన్న రాయి తగిలినా టక్కున నోరు ఆపేది ఆ పొర ఇచ్చే కబురే. ఇంప్లాంట్‌కి ఆ పొర ఉండదు, నేరుగా ఎముకకి అతుక్కుంటుంది. ఖర్చు కూడా మామూలుగా రూట్ కెనాల్, పన్ను మీద తొడిగే క్యాప్ రెండూ కలిపినదానికంటే బాగా ఎక్కువే అవుతుంది.

ఇప్పుడు అసలు విషయం, ఎలా ఉంచుతాం. ఒక కేసు చెప్తాను. మిర్చి రైతు, నలభై దాటిన మనిషి, యార్డుకి సరుకు తెచ్చి, పనిలో పనిగా పన్ను పీకించుకుని పోదామని వచ్చాడు. ఎడమవైపు కింది మొదటి దవడ పన్ను. నాలుక వైపు గోడ మొత్తం విరిగిపోయింది, ఆ ఖాళీలోంచి చిగురు లోపలికి పెరిగి గుంటని కప్పేసింది. చూడ్డానికి అసలు పన్నే లేదన్నట్టు ఉంది. ఎక్స్‌రేలో రెండు వేర్ల కొసల దగ్గరా నల్లటి నీడ, అంటే ఎముకలో ఇన్ఫెక్షన్. కానీ వేర్లు పొడుగ్గా, గట్టిగా ఉన్నాయి, రెండు వేర్ల మధ్య ఎముక బాగుంది, పన్ను కదలట్లేదు. అన్నా, పీకడం పది నిమిషాల పని, అది ఎప్పుడైనా చెయ్యొచ్చు, ముందు లోపల శుభ్రం చేసి చూద్దాం, మిగలకపోతే అప్పుడే తీసేద్దాం అన్నాను. ఒప్పుకున్నాడు.

మత్తు ఇచ్చి ముందు ఆ పెరిగిన చిగురు తీశాం. తర్వాత చిన్న గరిటె లాంటి పరికరంతో పుచ్చు తీస్తుంటే మెత్తగా పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తుంది. అలా తీస్తూ పోతే ఒకచోట పరికరం గరగరమని చప్పుడు చేస్తుంది, అక్కడి నుంచి గట్టి పన్ను. అప్పుడు కొలిచే సూది పెట్టి చుట్టూ చూస్తే మూడు వైపులా చిగురుకి పైన మూడు మిల్లీమీటర్లు ఉంది, నాలుక వైపు మాత్రం చిగురుతో సమానంగా ఉంది. ఎందుకు కొలుస్తామంటే, రోకలికి చివర ఇనప పొన్ను వేస్తారు కదా, ఆ పొన్ను కొయ్యని చుట్టూ పట్టుకుని ఉంటేనే దంచినా కొయ్య చీలదు, కొయ్య లేని చోట పొన్ను ఏం పట్టుకుంటుంది? క్యాప్ కూడా అంతే, చిగురుకి పైన చుట్టూరా ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల గట్టి పన్ను దాని పట్టులో ఉండాలి. అది ఉంటే విరిగిన పన్ను కూడా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. అది లేకుండా లోపల మేకు లాంటి పోస్ట్ దించి, దాని మీద సిమెంటు కట్టి, క్యాప్ పెట్టేస్తే కొన్నాళ్ళకి పోస్టుతో సహా ఊడి చేతిలోకి వస్తుంది, లేదా వేరు చీలుతుంది. పోస్ట్ పన్నుకి బలం ఇవ్వదు, పైన కట్టిన ఫిల్లింగ్‌ని పట్టి ఉంచుతుంది అంతే. ఇది నేను చాలామందికి మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వస్తుంది.

ఈయనకి నాలుక వైపు చిగురుని, దాని కింద ఎముక అంచుని కొద్దిగా సర్ది పన్నుని బయటపెట్టాం, దాన్ని క్రౌన్ లెంగ్తెనింగ్ అంటారు. విరిగిన గోడని ఫిల్లింగ్‌తో కట్టి, దాని మీద రబ్బర్ డ్యామ్ బిగించాం. రబ్బర్ డ్యామ్ అంటే పలచటి రబ్బరు షీటు, పన్ను ఒక్కటే దానికి ఉన్న కంతలోంచి బయటికి కనపడుతుంది, ఉమ్ము లోపలికి వెళ్ళదు, మందు గొంతులోకి జారదు. న్యూయార్క్‌లో బార్నమ్ అనే డెంటిస్ట్ 1864లో దీన్ని మొదలుపెట్టాడు. రూట్ కెనాల్ చేసేటప్పుడు రబ్బర్ డ్యామ్ వేస్తారా అని మీ డాక్టరుని అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, అడగాల్సిన ప్రశ్నే అది.

ఆ తర్వాత కెనాల్స్, అంటే వేరు లోపల నరం ఉండే సన్నటి గొట్టాలు. కింది దవడ పన్నుకి మామూలుగా రెండు వేర్లు, మూడు కెనాల్స్, ముందు వేరులో రెండు, వెనక వేరులో ఒకటి, కొందరికి నాలుగోది కూడా ఉంటుంది. పై మొదటి దవడ పన్నుకి మూడు వేర్లు, చాలామందికి నాలుగు కెనాల్స్, ఆ నాలుగోది సన్నగా ఒక మూలకి దాక్కుని ఉంటుంది, దాన్ని వెతక్కుండా వదిలేస్తే తర్వాత నొప్పి తిరగబెడుతుంది. మొదట దింపే ఫైల్, అంటే కెనాల్‌ని గీకే సన్నటి సూది లాంటి పరికరం, 10 నంబరు, దాని మొన మిల్లీమీటరులో పదో వంతు. వేరు కొస ఎక్కడుందో అపెక్స్ లొకేటర్ చెప్తుంది, దానిలోంచి వచ్చే బీప్ విని భయపడొద్దు. బట్టల బ్లీచింగులో ఉండే సోడియం హైపోక్లోరైటే తగిన మోతాదులో లోపల పోస్తాం, నురగ నురగగా పైకి వస్తుంది, చచ్చిన కండని కరిగించి క్రిముల్ని చంపేది అదే. ఫైల్ దారి చేస్తుంది, శుభ్రం చేసేది మందు, అందుకే ఆ మందుకి టైము ఇవ్వాలి, తొందరపడితే కుదరదు. చివర్లో గట్టాపర్చా అని చెట్టు పాల నుంచి తీసే గులాబీ రంగు పదార్థంతో కెనాల్స్ మూసేస్తాం. కొన్ని వారాలకి చిగురు మానాక క్యాప్ వేశాం. ఆయన ఇప్పుడు ఆ వైపే జొన్నరొట్టె నములుతున్నాడు, ఆ తర్వాత తీసిన ఎక్స్‌రేల్లో నల్లనీడ తగ్గుతూ ఎముక కట్టుకుంటోంది.

క్యాప్ గురించి కాస్త గట్టిగా చెప్పాలి. రూట్ కెనాల్ అయిపోయి నొప్పి పోయాక మనవాళ్ళు క్యాప్‌కి రారు. డబ్బులు సర్దుబాటు కాలేదనో, పంటలు వచ్చాక చూద్దామనో, పెళ్ళి ఉందనో ఆపేస్తారు. దవడ పన్ను మధ్యలో తవ్వి ఉంటుంది, చుట్టూ గోడలు మిగిలి ఉంటాయి, గట్టి జంతిక కొరికితే నిలువునా రెండుగా విడిపోతుంది. అమెరికాలో 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో రూట్ కెనాల్ అయ్యాక క్యాప్ వెయ్యని పళ్ళు క్యాప్ వేసినవాటికంటే ఆరు రెట్లు ఎక్కువగా పోయాయి. అక్కడే ఇన్సూరెన్స్ లెక్కల్లోంచి 14 లక్షల 62 వేల పైచిలుకు పళ్ళని చూసి 2004లో ఇంకో అధ్యయనం వేశారు, ఎనిమిదేళ్ళ తర్వాత కూడా 97 శాతం పళ్ళు నోట్లోనే ఉన్నాయి, పీకాల్సి వచ్చినవాటిలో 85 శాతానికి పూర్తి క్యాప్ లేదు. అంటే చాలా పళ్ళు రూట్ కెనాల్ చెడి పోలేదు, పైన కప్పు లేక పోయాయి. డబ్బు ఇబ్బంది ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి, మెటల్ క్యాప్ తక్కువలో అవుతుంది, లోపల పన్నుకి తెల్లగా ఉండకపోయినా నష్టం లేదు. విజయవాడ గవర్నమెంట్ డెంటల్ కాలేజీలో, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ దగ్గరున్న గవర్నమెంట్ డెంటల్ కాలేజీలో ఈ పనికి ప్రత్యేక విభాగమే ఉంది, ప్రైవేటు డెంటల్ కాలేజీల్లో కూడా బయటికంటే తక్కువ ఖర్చులో చేస్తారు. టైము ఎక్కువ పడుతుంది, ఓపిగ్గా తిరగాలి.

రెండు వేర్లలో ఒకటే పాడైతే? ఒక పెద్దావిడకి కింది పన్ను వెనక వేరు చుట్టూ ఎముక పూర్తిగా పోయింది, ముందు వేరు గట్టిగా ఉంది. పన్నుని మధ్యకి కోసి, వెనక సగం తీసేసి, ముందు సగాన్ని పక్క పన్నుతో కలిపి క్యాప్ వేశాం, హెమీసెక్షన్ అంటారు. సగం పన్నేంటని మొదట ఆమెకి నమ్మకం కలగలేదు, కానీ కట్టుడు పళ్ళ సెట్టు ఆ సగం వల్లే తప్పింది. కొన్ని పళ్ళని జాగ్రత్తగా బయటికి తీసి, చేతిలో పెట్టుకుని వేరు కొస బాగుచేసి, పావుగంట లోపే మళ్ళీ అదే గుంటలో పెట్టేస్తాం కూడా. కుర్రవాళ్ళకైతే దవడ పన్ను నిజంగా పోయినప్పుడు సరిపడే జ్ఞానదంతం ఉంటే దాన్ని తీసి ఆ ఖాళీలో నాటొచ్చు. ఇవి అందరికీ కుదిరేవి కాదు, చెయ్యి తిరిగిన ఎండోడాంటిస్ట్, అంటే రూట్ కెనాల్ స్పెషలిస్టు, చూసి చెప్పాలి, కానీ ఇలాంటి దారులు ఉన్నాయని మీకు తెలియాలి.

గుట్కా, ఖైనీ అలవాటున్నవాళ్ళు వినండి. గుట్కా వల్ల నోరు రెండు వేళ్ళు కూడా పట్టనంత బిగుసుకుపోయినవాళ్ళు వస్తున్నారు, పాతికేళ్ళు కూడా ఉండవు. వాళ్ళ వెనక దవడ పన్ను దగ్గరికి ఫైలే వెళ్ళదు, బాగుచెయ్యగలిగిన పన్ను కూడా చెయ్యలేకపోతాం. నోటి క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్నవాళ్ళకి, కొన్ని రకాల ఎముకల మందులు ఇంజెక్షన్‌గా తీసుకునేవాళ్ళకి పన్ను పీకడమే ప్రమాదం, ఆ గాయం మానక దవడ ఎముక కుళ్ళొచ్చు. వాళ్ళకి పైన పన్ను ఏమీ మిగలకపోయినా వేర్లలోనే రూట్ కెనాల్ చేసి, మూసి వదిలేస్తాం. ఇలాంటి వైద్యం ఏది జరిగినా పన్ను డాక్టరుకి ముందే చెప్పాలి, దయచేసి దాచొద్దు.

తీసెయ్యాల్సినవి కూడా ఉన్నాయి, అది కూడా అంతే స్పష్టంగా చెప్తా. వేరు నిలువునా చీలితే ఉంచలేం. లోపల నీలం రంగు మందు వేసి కడిగితే పగులు గీత కనపడుతుంది, ఆ గీత పన్ను అడుగు మీదుగా ఆ చివర నుంచి ఈ చివరకి పోయిందంటే అక్కడితో ఆగిపోతాం. చిగుళ్ళ జబ్బుతో ఎముకంతా పోయి పైకీ కిందికీ ఆడే పన్ను, ఎముక లోపలి దాకా పుచ్చిన పన్ను, వీటి మీద డబ్బు పెట్టించడం న్యాయం కాదు. అలాంటప్పుడు ఆ ఎక్స్‌రే, ఆ గీత మీకు చూపించి చెప్పమని అడగండి.

ఇంక మీరు అడగండి.

ఆ, వెనక బాబాయిగారు. పై పన్ను పీకితే చూపు తగ్గుతుందా అని. తగ్గదండీ, పంటి నరం వేరు, కంటి చూపు నరం వేరు. అరవై దాటాక చూపూ తగ్గుతుంది, పళ్ళూ పోతాయి, రెండూ ఒకేసారి రావడంతో అలా అనుకుంటారు. పొగ పెట్టి పన్ను పురుగు తీస్తామని తిరిగేవాళ్ళ గురించి కూడా అడిగారు. పన్నులో పురుగు ఉండదు, కంటికి కనపడని బ్యాక్టీరియా వల్ల పుచ్చుతుంది. వాళ్ళు చూపించేది ఏదైనా మీ పన్నులోంచి వచ్చింది కాదు. లవంగ నూనె కాసేపు నొప్పి తగ్గిస్తుంది, దూదికి కొంచెం అద్దుకోవచ్చు. నల్లజీడి, కిరోసిన్, చిగురు మీద ఆస్పిరిన్ బిళ్ళ మాత్రం వద్దు, బుగ్గంతా కాలి తెల్లగా పొర లేస్తుంది.

అమ్మా, మీరు. షుగర్ ఉంది, రూట్ కెనాల్ చేయించుకోవచ్చా. చేయించుకోవచ్చు, షుగర్ అదుపులో ఉంటే మంచిది. టిఫిను తిని, మాత్ర వేసుకుని పొద్దున్నే రండి, ఖాళీ కడుపుతో రావద్దు. షుగర్ ఉన్నవాళ్ళకి పీకినా మానడం ఆలస్యమే, కాబట్టి షుగర్ ఉంది కనక పీకించేస్తా అనడానికి లేదు.

అమెరికాలో ఉన్న అబ్బాయి మూడు వారాలకి వస్తున్నాడు, అప్పుడు చేయించొచ్చా అంటున్నారు. అవుతుంది, కానీ చివరి వారంలో తీసుకురావద్దు, దిగిన మర్నాడే తీసుకురండి. మామూలు రూట్ కెనాల్, క్యాప్ అయిపోతాయి. చిగురు సర్దాల్సిన కేసైతే మూడు వారాలు చాలవు, అక్కడే మొదలుపెట్టుకోవడం మేలు. అక్కడ తీసిన ఎక్స్‌రే ముందు వాట్సాప్‌లో పంపమనండి, ఇక్కడి డాక్టరు చూసి ఏది కుదురుతుందో చెప్తారు.

ఆఖరుది, క్యాప్ వేసి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు కొరికితే నొప్పి. వెంటనే పీకించొద్దు. క్యాప్ అంచు దగ్గర సందు పడి లోపలికి ఉమ్ము దిగి ఉండొచ్చు, ఇందాక చెప్పిన నాలుగో కెనాల్ ఎవరూ చూడక వదిలేసి ఉండొచ్చు. త్రీడీ స్కాన్ తీస్తే కనపడుతుంది. పాత గట్టాపర్చా తీసేసి మైక్రోస్కోప్ కింద మళ్ళీ చెయ్యొచ్చు, అదీ కుదరకపోతే చిగురు పక్క నుంచి చిన్న ఆపరేషన్ చేసి వేరు కొస కోసి మూస్తాం. వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలు, అప్పుడు ఇచ్చిన చీటీ ఉంటే తీసుకెళ్ళండి, ఏ సంవత్సరం చేశారో గుర్తుంటే అదీ చెప్పండి, వైద్యం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో వాటిని చూస్తే తెలుస్తుంది.